ఎవరి షడ్జం వారిదే: వేసవి సంగీత పాఠాల్లో నా అనుభవం

సెలవుల్లో ఆరు వారాల పాటు ఏడుగురు పిల్లలకు విడివిడిగా కర్ణాటక సంగీతం నేర్పడానికి ఒప్పుకున్నప్పుడు, నా ధైర్యమంతా పాఠాల వరుస మీదే ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, ఆపైన గీతాలనే తొలి పాటలు అంటూ ఆ మెట్లను పెద్దలు ఎప్పుడో కట్టిపెట్టారు. నేను చిన్నప్పుడు ఎక్కినవీ అవే. వారానికి మూడు పాఠాల చొప్పున ఒక్కొక్కరికి 18 పాఠాలు వస్తాయని లెక్క వేసుకొని, ఏ రోజు ఏది పూర్తి కావాలో ఒక పట్టిక గీసి గోడకు అంటించాను. రెండో వారం ముగిసేసరికి ఆ కాగితాన్ని నేనే తీసేయవలసి వచ్చింది.

పాఠాలు మొదలయ్యే ముందే తల్లిదండ్రులతో కొన్ని విషయాలు స్పష్టంగా మాట్లాడుకోవడం నాకు మేలు చేసింది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అరగంట, అంతకన్నా పెద్దవారికి ముప్పావుగంట అని నిర్ణయించాను. ఆరేళ్ల పాప అరగంట తరువాత నోటితో పాడుతున్నా మనసుతో గదిలో ఉండదు. పాఠం జరుగుతున్నంతసేపు తలుపు తెరిచి ఉంటుందని, తల్లో తండ్రో పక్క గదిలో కూర్చోవచ్చని చెప్పాను. సెలవులంటే ప్రయాణాలు తప్పవు కాబట్టి, ముందురోజు చెప్పి మానేసిన పాఠాన్ని అదే వారంలో మరో రోజు చెబుతాను, చెప్పకుండా మానేసినది పోయినట్టే అన్న నియమం పెట్టి, రుసుము మొత్తం ముందే తీసుకున్నాను. ఈ మాట చెప్పడానికి మొదట మొహమాటపడ్డాను గానీ, చెప్పిన తరువాత ఎవరూ నొచ్చుకోలేదు.

మొదటి పాఠం అందరికీ ఒకటే. శ్రుతి, అంటే పాటకు ఆధారంగా వెనుక ఆగకుండా మోగే స్వరం, వినడం, దానితో కలిపి షడ్జం, అంటే మొదటి స్వరమైన సా, పట్టుకోవడం, ఆ తరువాత మాయామాళవగౌళలో మొదటి సరళీ స్వరం. మూల రాగాలైన మేళకర్తల్లో 15వదైన ఈ రాగంలోనే తొలి పాఠాలు చెప్పే పద్ధతిని పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. అది ఎంత తెలివైన ఎంపికో పిల్లల గొంతుల్లో వింటే తప్ప నాకు పూర్తిగా బోధపడలేదు. షడ్జానికీ శుద్ధ రిషభానికీ (ఈ రాగంలోని రి) మధ్య దూరం చాలా తక్కువ, ఆ రిషభం నుంచి అంతర గాంధారానికి (గ) దూరం చాలా ఎక్కువ, మళ్లీ గాంధారం నుంచి మధ్యమానికి (మ) తక్కువ. సరిగమలో ఉన్న ఈ దూరాలే పదనిసలో యథాతథంగా తిరిగి వస్తాయి. కాబట్టి కింది సగం గొంతుకు పట్టుబడితే పై సగం సగం నేర్చినట్టే. చిక్కంతా రిషభం దగ్గర వస్తుంది. పక్కనే ఉన్న మెట్టు మీద అడుగు పెట్టమంటే పిల్లలు హుషారుగా ఒక మెట్టు దాటి దూకుతారు, శుద్ధ రిషభం కాస్తా దాని పై మెట్టైన చతుశ్రుతి రిషభమై కూర్చుంటుంది. ఏడుగురిలో అయిదుగురు మొదటి వారంలో ఇదే చేశారు. హార్మోనియం మీద ఆ రెండు మెట్లూ పక్కపక్కన ఎలా ఉన్నాయో చూపించి, "సా దగ్గర నుంచి జరగండి, ఎగరవద్దు" అన్నాక చాలామందికి అది కుదిరింది.

కుదరనిది తొమ్మిదేళ్ల అబ్బాయి ఒక్కడికే. రిషభం సంగతి అటుంచితే, ఆ అబ్బాయి షడ్జమే శ్రుతిలో నిలవలేదు. నేను సా అంటే దానికి కొంచెం పైన ఎక్కడో సా అనేవాడు. సరిచేస్తే ఇంకొంచెం కిందకు జారి, గొంతు గరగరలాడి, ఆ తరువాత అసలు శబ్దమే రాక ఆగిపోయేవాడు. మొదటి నాలుగు పాఠాలు ఇలాగే గడిచాయి. ఈ అబ్బాయికి శ్రుతిజ్ఞానం తక్కువని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆ మాట ఆ అబ్బాయితో గానీ వాళ్లమ్మగారితో గానీ అనలేదు, అదొక్కటే నేను చేసిన మంచి పని. ఆవిడ మాత్రం అయిదో పాఠానికి వచ్చినప్పుడు, "మావాడు ఇంకా సా దగ్గరే ఉన్నాడండీ, పక్కింటి పాపకు జంట స్వరాలు కూడా మొదలుపెట్టారట కదా?" అని అడిగారు. ఇంట్లో వినిపించడానికి ఏమైనా ఇవ్వాలి కదా అని ఆ రోజు అతని పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేశాను.

ఆ రాత్రి ఒంటరిగా కూర్చుని ఆ రికార్డు విన్నప్పుడు, నాలుగు పాఠాలుగా నా ఎదుటే ఉన్నది నాకు తెలిసివచ్చింది. ఆరోహణలో సరిగ అన్నంతవరకు తడబడిన గొంతు, పంచమం దగ్గరికి వచ్చేసరికి శ్రుతిలో చక్కగా కూర్చుంటోంది. ధైవతం, నిషాదం, తారషడ్జం (పై సా) అన్నీ సరిగ్గా ఉన్నాయి. అవరోహణలో మళ్లీ పంచమం వరకు నిలకడగా ఉండి, గాంధారం దిగగానే చెదిరిపోతోంది. చెవి బాగాలేని పిల్లవాడు పైన మాత్రం శ్రుతిలో ఎలా పాడతాడు? లోపం చెవిది కాదు, నేను పెట్టిన శ్రుతిది. నాది అయిదున్నర శ్రుతి. షడ్జాన్ని హార్మోనియం మీద ఏ మెట్టు దగ్గర పెట్టుకోవాలో చెప్పే అంకె అది, అంకె పెరిగితే షడ్జం పైకి జరుగుతుంది. అది నాకు హాయిగా ఉంటుంది కాబట్టి, ఆలోచించకుండా ఏడుగురికీ అదే పెట్టేశాను. పదేళ్లు దాటిన ఆడపిల్లలు ఎలాగో నెట్టుకొచ్చారు. ఆ అబ్బాయికి మాత్రం అయిదున్నర షడ్జం గొంతు అడుగున తగులుతోంది. బావిలో నీళ్లున్నా చేదతాడు పొడవు చాలనట్టు, వినిపిస్తున్న స్వరాన్ని అందుకోలేక పైనే ఆగిపోతున్నాడు.

తరువాతి పాఠంలో శ్రుతిపెట్టె ముట్టుకోలేదు. మైదానం అవతల ఉన్న స్నేహితుణ్ణి పిలిచినట్టు ఒకసారి గట్టిగా పిలవమన్నాను. ఆ పిలుపును సాగదీయమని, అది నిలిచిన చోటును హార్మోనియం మీద వెతికి, అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టూ దిగుతూ గొంతు ఎంతవరకు ఇబ్బంది లేకుండా వస్తుందో చూశాను. ఆరున్నర దగ్గర హాయిగా నిలిచింది. నా అయిదున్నరకూ ఆరున్నరకూ మధ్య ఉన్న దూరం ఏమంత పెద్దది కాదు, కానీ ఆ పిల్లవాడికి అదే పాడగలగడానికీ పాడలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా. ఇక్కడ నాకు ఇంకో చిక్కు వచ్చింది. ఆరున్నరలో నేను పాడి చూపిస్తే తారస్థాయిలో నా గొంతు బిగుసుకుంటుంది, బిగుసుకున్న గొంతును పిల్లలు ఇట్టే అనుకరిస్తారు. అందుకని పై స్వరాలను నేను పాడకుండా హార్మోనియం మీద వినిపించి, కింది స్వరాలను మాత్రమే పాడి చూపాను.

శ్రుతిలో కలవడం అంటే ఏమిటో ఆ అబ్బాయికి మాటల్లో చెప్పలేక ఒక చిన్న ప్రయోగం చేశాను. కోరిన పౌనఃపున్యంలో శబ్దం వినిపించే యాప్‌ను రెండు ఫోన్లలో తెరిచి, ఒకదాంట్లో 466 హెర్ట్జ్, అంటే దాదాపుగా అతని తారషడ్జం, రెండోదాంట్లో 463 పెట్టాను. రెండూ కలిసి మోగినప్పుడు శబ్దం సెకనుకు మూడుసార్లు లేచి పడుతున్నట్టు వినిపిస్తుంది, ఎందుకంటే రెండింటి మధ్య తేడా మూడు. రెండో ఫోన్‌ను 464కు, 465కు పెంచుకుంటూ పోతే ఆ ఊగడం నెమ్మదిస్తుంది, 466 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఆ అబ్బాయి ఫోన్లు రెండూ లాక్కుని పది నిమిషాల పాటు వాటితోనే ఆడుకున్నాడు. నేను గడియారం చూడడం మానేశాను. ఆ తరువాత శ్రుతి పెట్టి సా అనమన్నప్పుడు, కొంచెం అటూ ఇటూ జరిగి, ఒక చోట ఆగి, కళ్లు పెద్దవి చేసి నా వైపు చూశాడు. కలిసిందని నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

ఆ వారమే గోడ మీది పట్టిక తీసేశాను. మిగిలిన ఆరుగురికీ ఇదే పద్ధతిలో మళ్లీ శ్రుతి చూశాను. ఆరేళ్ల పాపకు ఏడు కుదిరింది. పెద్దపిల్లల్లో ఒకరికి ఆరు, ఇద్దరికి మాత్రం నా అయిదున్నరే సరిపోయింది. అక్కాతమ్ముళ్లు ఇద్దరిని మొదట ఒకే సమయంలో కూర్చోబెట్టేదాన్ని, తల్లిదండ్రులకు రాకపోకలు తగ్గుతాయని. ఎనిమిదేళ్ల తమ్ముడు రెండు వారాలుగా తప్పు లేకుండా పాడుతున్నాడని సంతోషించాను కూడా. విడిగా పాడిస్తే తేలింది, ఆ పిల్లవాడు అక్క గొంతు వెనుక దాక్కుని పెదవులు మాత్రమే కదుపుతున్నాడని. ఇద్దరి సమయాలనూ వేరుచేశాను.

పదమూడేళ్ల అబ్బాయి విషయంలో సమస్య వేరు. అతనికి గొంతు మారుతోంది. ఆ వయసులో స్వరపేటిక పెరిగి స్వరతంత్రులు మందమవుతాయి, మగపిల్లల గొంతు సుమారు ఒక స్థాయి, అంటే పై సా నుంచి కింది సా వరకు ఉన్నంత దూరం, కిందకు దిగుతుంది, దిగేటప్పుడు రోజుకో తీరుగా ఉంటుంది. ఒకరోజు మూడు శ్రుతిలో పాడినవాడు మరునాడు రెండున్నరలో తప్ప పాడలేకపోయేవాడు. మధ్యలో గొంతు పగిలితే ముఖం ఎర్రబడేది. అతనికి ప్రతి పాఠంలోనూ ముందు ఆ రోజు శ్రుతి ఏదో వెతికి, షడ్జం నుంచి పంచమం దాటకుండా పాడించి, మిగిలిన సమయమంతా లయకు కేటాయించాను. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, అంటే లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆ తరువాత రెండుసార్లు దెబ్బా విసురూ. ఆ తాళంలో స్వరాలను పాడకుండా పలుకుతూ మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అనే, ఒకదానికన్నా ఒకటి వేగమైన నడకల మధ్య తాళం వేగం మారకుండా దాటడం. ఆరు వారాల చివరికి ఏడుగురిలో లయ అందరికన్నా గట్టిగా నిలిచింది అతనికే.

చిన్నపిల్లల విషయంలో కాలాల గురించి నేను అనుకున్నది తలకిందులైంది. మొదటి కాలం నెమ్మది కాబట్టి సులువు అనుకునేదాన్ని. నిజానికి ఆరేళ్ల పాపకు అంత నెమ్మదిగా స్వరాన్ని నిలపడానికి ఊపిరి చాలదు. రెండో కాలంలో హాయిగా పాడి, ఆ తరువాత మొదటి కాలానికి వస్తే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తనకే తెలిసింది. సంప్రదాయ క్రమాన్ని తిరగేశానని మా గురువుగారికి చెబితే ఏమంటారో తెలియదు, నేను మాత్రం చెప్పలేదు.

ఇంటి సాధన గురించి ఎక్కువ చెప్పను. రోజుకు పావుగంట చాలన్నాను. నా గొంతు రికార్డు ఇవ్వకుండా, ఎవరి శ్రుతి వారికి యాప్‌లో పెట్టించి, దానితోనే పాడమన్నాను. నా పాట ఇస్తే దాని వెంట నడుస్తారు, శ్రుతి ఇస్తే సొంతంగా వెతుక్కుంటారు. కొత్త స్వరాలను పుస్తకంలో తమ చేత్తో రాసుకోమన్నాను. పైదైన తారస్థాయికి పైన చుక్క, కిందిదైన మంద్రానికి కింద చుక్క పెట్టడం వారికి ఆటలా ఉండేది. సాధన చేసినదీ లేనిదీ పాఠం మొదటి నిమిషంలోనే తెలిసిపోయేది, కాబట్టి అడగడం మానేశాను.

చివరికి ఎవరెవరు ఎంతవరకు వచ్చారంటే, ఇద్దరు అలంకారాల్లో కొన్ని పూర్తిచేశారు, ఒక అమ్మాయి మలహరి రాగంలో ఒక గీతం నేర్చుకుంది, మిగిలినవారు సరళీ, జంట స్వరాల మధ్య ఆగారు. నా పట్టిక ప్రకారమైతే అందరూ గీతాల్లో ఉండాలి. పాట రాలేదని ఒకరిద్దరు తల్లిదండ్రులు కొంచెం వెలితిగానే మాట్లాడారు, వారి మాటనూ నేను కాదనలేదు.

ఆఖరి రోజు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరిచేత వచ్చినది పాడించాను. ఒకరి తరువాత ఒకరికి శ్రుతి మారుస్తూ పోవాలి. తొమ్మిదేళ్ల అబ్బాయి వంతు వచ్చినప్పుడు ఎవరితోనో మాట్లాడుతూ, పాడమని సైగ చేశాను. అతను నోరు తెరవలేదు. కొంచెంసేపు తల వంచి విని, "టీచర్, ఇది నాది కాదు" అన్నాడు. చూస్తే అంతకుముందు పాడిన అమ్మాయి కోసం పెట్టిన ఆరు శ్రుతే మోగుతోంది. ఆరున్నరకు మార్చాను. సా అందుకున్నాడు.