తాత గొంతు, సౌండ్ బ్లాస్టర్ కార్డు

ఆదివారం. టిఫిన్ కాగానే లాప్‌టాప్, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ సంచిలో వేసుకుని కాజీపేటలో పెద్దబాపు ఇంటికి పోయాను. తాత మాటల రికార్డింగులను ఆయన పాత 486 కంప్యూటర్‌లో వినిపించాలి. హన్మకొండలో ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల నాటి మెషీన్ అది. ఇప్పటికీ విండోస్‌కు ముందటి డాస్ మీదే నడుస్తుంది, ధ్వని వినిపించే సౌండ్ బ్లాస్టర్ ప్రో కార్డు అందులో బాగానే ఉంది. ఫోన్‌లో వింటే సరిపోదా అని ఇంట్లో అడిగారు. పెద్దబాపు సాయంత్రాలు కూర్చునేది ఆ కంప్యూటర్ ముందే. తన తండ్రి గొంతు కూడా అందులోనే ఉండాలని ఆయన కోరిక. నాకూ అది న్యాయమే అనిపించింది.

ఈ రికార్డింగులన్నీ పాత నోకియా ఫోన్‌లో చేసినవి, ఏఎంఆర్ అనే ఆడియో ఫార్మాట్‌లో ఉన్న ఫైళ్లు. వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసిన రోజుల గురించి తాత చెబుతుంటాడు: "సాంచెల సప్పుడుకు పక్కనోని మాట ఇనబడకపోయేది." ఏఎంఆర్ పుట్టిందే ఫోన్ మాటల కోసం. మనిషి గొంతు ఎలా పలుకుతుందో ఊహించి, దానికి సరిపడా సమాచారమే దాస్తుంది. అందుకే మధ్యలో వచ్చిన రైలు కూత నీళ్లు పుక్కిలించినట్టు వినబడుతుంది. 3,400 హెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండదు కాబట్టి 'స' కూడా మొద్దుబారింది. ఇక ఏ ఫార్మాట్‌లోకి మార్చినా పోయింది తిరిగి రాదు.

కానీ ఈ గొంతుకు సౌండ్ బ్లాస్టర్ వాళ్ల పాత ఆడియో ఫార్మాట్ వీఓసీ చక్కగా సరిపోయింది. ఏఎంఆర్‌లో సెకనుకు 8,000 శాంపిళ్లు, అంటే ధ్వనిని సెకనుకు అన్నిసార్లు కొలిచి రాసిన అంకెలు. వీఓసీ పాత పద్ధతిలో శాంపిళ్ల వేగాన్ని ఒక్క బైటులోనే రాస్తారు: పది లక్షలను ఆ వేగంతో భాగించి, వచ్చినదాన్ని 256 నుంచి తీసేయాలి. 8,000కు సరిగ్గా 125 వస్తుంది, రాయాల్సింది 131. అదే 11,025 పెడితే 90.7 వస్తుంది. దాన్ని 91 చేస్తే కార్డు 10,989 దగ్గర వాయిస్తుంది. పెద్ద అంకె పెడితే నాణ్యత పెరుగుతుందని కొందరు అంటారు. లేని ధ్వని ఎక్కడి నుంచి వస్తుంది? నేను 8,000 దగ్గరే ఉంచాను.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది వాల్యూమ్ మీద. ఈ వీఓసీలో ఒక్కో శాంపిల్‌కు 8 బిట్లే, అంటే మొత్తం 256 మెట్లే, నిశ్శబ్దం 128 దగ్గర. తాతది మెల్లటి గొంతు. ఉన్నది ఉన్నట్టు 8 బిట్లకు దించితే నడిమి మెట్లలోనే తిరిగి గరగరమంటుంది. రెండు రకాలుగా చేసి విన్నాను. ముందు గొంతు పెంచి, ఆ తర్వాత 8 బిట్లకు దించితే మాట మాట విడిగా తెలిసింది. ఫైళ్లు మార్చడానికి వాడిన సాక్స్ అనే ప్రోగ్రాం దించేటప్పుడు డిథర్ పేరుతో సన్నటి రొద కలుపుతుంది, అదీ మేలే. మాట చివర సన్నగిల్లే చోట గొంతు తెగిపోకుండా ఆ రొదలో కలిసిపోతుంది.

ఏఎంఆర్‌లో సెకనుకు 1,600 బైట్లు, వీఓసీలో 8,000. అంటే అయిదు రెట్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలో మూడు నిమిషాలకు కాస్త పైన పడుతుంది. తాత ఊపిరి తీసుకున్న చోట్ల చూసి ముక్కలు చేశాను.

మధ్యాహ్నం మొదటి ఫ్లాపీ పెట్టి, కార్డుతో వచ్చిన వీప్లే అనే ప్రోగ్రాం నడిపించాను. పెద్దబాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గిది మా బాపు గొంతే గదరా! దగ్గు గుడ అట్లనే ఉన్నది," అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గరే నిలబడి మొత్తం విన్నది.

తర్వాత పెద్దబాపు ఫ్లాపీల లేబుళ్ల మీద ఏ ముక్కలో ఏం ఉందో పెన్నుతో రాశాడు: మిల్లు పని, మేనత్త పెళ్లి, చెరువు నిండిన ఏడు. డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే కాబట్టి ఈ లేబుళ్లే దిక్కు. ఏఎంఆర్ ఫైళ్లను వేరే హార్డ్ డిస్కులో యథాతథంగా దాచాను, అసలువి అవే. పనిచేసే ఫ్లాపీలు అయిపోయాయి. మిగతా ఫైళ్ల కోసం ఇంకొన్ని వెతకాలి.