నాన్న చూసిన న్యూయార్క్ రైళ్లు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో బోర్డులు వేస్తారని ఎవరూ అనరు, రాస్తారనే అంటారు. మా నాన్న నలభై ఏళ్లు బోర్డులు రాశారు. పైన ఒడియా, కింద తెలుగు, పక్కన ఇంగ్లీషు. ఒకే కొట్టు పేరు మూడు లిపుల్లోనూ ఒకే నిండుతనంతో కనిపించాలి. ఒడియా అక్షరానికి పైన గొడుగు లాంటి వంపు, మనకు తలకట్టు, కింద ఒత్తులు. ఒత్తులకు ముందే చోటు వదలకపోతే కింది వరుస నలిగిపోతుంది. చిన్నప్పుడు సుద్ద దారం రెండో కొస పట్టుకున్నది నేనే కాబట్టి ఇదంతా నాకు తెలుసు.

న్యూయార్క్‌లో రైలు పెట్టెల మీద రంగు స్ప్రే డబ్బాలతో గ్రాఫిటీ, అంటే తమ పేర్ల రాతలు, నింపిన కుర్రవాళ్లూ తమను చిత్రకారులమని చెప్పుకోలేదు, రాసేవాళ్లమనే చెప్పుకున్నారు. టోనీ సిల్వర్, హెన్రీ చాల్ఫంట్ కలిసి తీసిన 'స్టైల్ వార్స్' అనే డాక్యుమెంటరీలో ఆ మాట వినగానే నాకు మా ఇంటి వరండా గుర్తొచ్చింది. అది 1983 నాటి సినిమా. గత నెల నాన్నను పక్కన కూర్చోబెట్టుకొని, మాటలు తెలుగులో చెబుతూ మళ్లీ చూశాను.

"ఆగమ్మా, వెనక్కి పెట్టు" అన్నారు కాసేపటికే. ముందు సన్నటి గీతతో అక్షరం ఆకారం, తర్వాత లోపల రంగు, అంతా అయ్యాక అంచు గీత. "చివరి గీత ఒక్క ఊపులో లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ ముడి పడుతుంది. ఈ పిల్లవాడికి అది తెలుసు" అన్నారు. కేస్ 2 అనే ఒంటిచేతి కుర్రవాడు తన అక్షరాల గురించి చెబుతున్నప్పుడు ఆయన తెర మీదకు వంగిపోయారు. ఒకదానిలోకి ఒకటి దూరి, బాణాలు మొలిచిన అక్షరాలవి. బయటివాళ్లు చదవలేరు.

"చదవలేకపోతే డబ్బు ఎవరిస్తారు?"

ఎవరూ ఇవ్వరని చెప్పాను. రంగు డబ్బాలు కూడా వాళ్లే తెచ్చుకునేవారు, రాత్రిపూట కంచె దాటి రైళ్లు నిలిపే యార్డుల్లోకి వెళ్లేవారు, అదంతా తమ పేరు రాసుకోవడానికే. "తమ పేరేనా?" అని అడిగి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నలభై ఏళ్లు ఆయన రాసినవన్నీ ఇతరుల పేర్లే. ఆయన పేరుకు దక్కింది కింది మూలలో బొటనవేలంత చోటు.

ఆయనకు కోపం వచ్చింది క్యాప్ అనే అతణ్ని చూసినప్పుడు. ఇతరులు కష్టపడి రాసిన వాటి మీద అతను తన పేరు గబగబా కొట్టేసి పోతాడు, దాన్ని సమర్థించుకుంటాడు కూడా. ఎన్నికల రోజుల్లో మా దగ్గర గోడ మీద పార్టీ పేరు, సంవత్సరం రాస్తే ఆ గోడ వాళ్లదే. దాని మీద మరొకరి కోసం రాయమంటే నాన్న కుంచె ముట్టుకునేవారు కాదు.

ఆ సినిమాలో నృత్యమూ ఉంది, బ్రేక్ డాన్స్. రాక్ స్టెడీ క్రూ, డైనమిక్ రాకర్స్ జట్లు ఎదురెదురుగా నిలిచి పోటీపడతాయి. చేతుల మీద లేచి, వీపు మీద గిర్రున తిరిగి, ఒక్కసారిగా బిగుసుకుపోతారు. ఈ నృత్యానికి పునాది 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, పార్టీల్లో రికార్డులు తిప్పే డీజే కూల్ హెర్క్ చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో ఉందంటారు. జనం నృత్యం చేయడానికి పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే ముక్క కోసం ఎదురుచూస్తున్నారని హెర్క్ గమనించాడు. ఆ తర్వాత ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఆ ముక్కను సాగదీశాడు. నాన్నకు మాత్రం బరంపురం ఠాకురాణి యాత్రలో పులివేషాలు గుర్తొచ్చాయి. నాకు 2009లో టీవీ పోటీ గెలిచిన బరంపురం ప్రిన్స్ డాన్స్ గ్రూప్ గుర్తొచ్చింది. వాళ్లలో చాలామంది కూలిపని చేసుకునేవారు.

అదే కాలపు కథాచిత్రం 'వైల్డ్ స్టైల్' కూడా చూపించాను. నాయకుడు లీ కిన్యోనెస్, నాయిక లేడీ పింక్ నిజ జీవితంలోనూ రాసేవాళ్లే. డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వంటింట్లో రికార్డులు తిప్పే దృశ్యం కోసమైనా ఆ సినిమా చూడాలి.

రైళ్లను రసాయనాలతో కడిగేవారు. 1989 మే 12న రాతలున్న చివరి రైలును పట్టాల మీద నుంచి తప్పించారు. మిగిలింది ఫిల్ము మీద పడినదే. పెట్టె మొత్తం ఒక ఫోటోలో పట్టదు కాబట్టి చాల్ఫంట్ ఎదుటి ప్లాట్‌ఫారం మీద నిలబడి, రైలు ఆగిన ఆ కొద్దిసేపట్లో పక్కకు జరుగుతూ వరుసగా ఫోటోలు తీసి, తర్వాత అతికేవాడు.

ఊరి చివర బియ్యం మిల్లు ప్రహరీ మీద నాన్న మూడు లిపుల్లో రాసిన ఎరువుల ప్రకటన ఇంకా ఉంది. ఫ్లెక్సీలు వచ్చాక దాన్ని ఎవరూ మార్చలేదు. ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్లాం. ఎదుటి గట్టు మీద రెండడుగులకొకసారి జరుగుతూ ఫోనుతో పదకొండు ఫోటోలు తీశాను. మధ్యలో ఒక ఒత్తు సిమెంటు పూత కింద పోయింది. చివరి ఫోటో కోసం గట్టు దిగి గోడ దగ్గరికి వెళ్లి, గడ్డిని పక్కకు వంచి పట్టుకోవలసి వచ్చింది. కుడి మూలలో, నేలకు జానెడు ఎత్తున, నాన్న సంతకం ఉంది.