టీవీ తెర మీద ‘బ’, ‘భ’ ఒకేలా కనిపించినప్పుడు

కంటి ఆపరేషన్ అయ్యాక మా నాన్నగారికి లాప్‌టాప్‌లో చదవడం కష్టమైపోయింది. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు చదువుకోవడం ఆయనకు రోజూ ఉండే కాలక్షేపం. వాళ్లింటి హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీకి లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే అక్షరాలు పెద్దవై ఆయనకు సుఖంగా ఉంటుందనుకున్నాను. అక్షరాలు పెద్దవయ్యాయి. అయితే పది నిమిషాలు చూసి ఆయన, ‘‘ఒరేయ్, ఇక్కడ ‘బారము’ అని వేశారా, ‘భారము’ అని వేశారా? లేక తప్పు నా కంటిదేనా?’’ అని అడిగారు. దగ్గరికి వెళ్లి చూస్తే నాకూ తేలలేదు. ఆ రెండు అక్షరాలకూ ఉన్న తేడా ముఖ్యంగా అడుగున ఉండే చిన్న గీతలోనే ఉంది. ఆ గీత కాస్తా పక్కనున్న మసకలో కలిసిపోయింది. ప, ఫలదీ, డ, ఢలదీ అదే గతి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెప్పే మెలిక కూడా మాయమైంది. ఈ మాత్రం మసకను ఇంగ్లీషు అక్షరాలు తట్టుకుంటాయేమో గాని, మన లిపి తట్టుకోదు.

టీవీ నాసిరకమనుకుని కొత్తది కొనడానికి సిద్ధపడ్డాను. తీరా విషయం తెలుసుకుంటే, టీవీ తన శక్తికి మించిన సాయం చేస్తున్నదని అర్థమైంది. కంప్యూటర్ పంపే బొమ్మ లక్షల చుక్కల గళ్ల కాగితం వంటిది. టీవీ తెర కూడా అలాంటి గళ్ల కాగితమే. పంపిన ప్రతి చుక్కా తెర మీద ఒకే గడిలో సరిగ్గా కూర్చుంటే అక్షరం అచ్చు వేసినట్టు ఉంటుంది. దారిలో ఎవరైనా ఆ బొమ్మను కాస్త సాగదీసినా, కుదించినా ఒక చుక్క రెండు గళ్ల మధ్య పడుతుంది. అప్పుడు నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిదరంగు పుడుతుంది. మనం మసక అంటున్నది ఆ బూడిదరంగునే.

మొదటి సాగదీత టీవీదే. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలలో బొమ్మ అంచులు వంకరగా, ఒక్కొక్క సెట్టులో ఒక్కొక్క కొలతలో ఉండేవి. అవి కనబడకుండా బొమ్మను చట్రం కంటే కొంచెం పెద్దది చేసి, అంచులను చట్రం వెనక దాచేవారు. దీనికే ఓవర్‌స్కాన్ అని పేరు. ఆ ట్యూబులు పోయినా అలవాటు పోలేదు. నాన్నగారి టీవీలో విండోస్ టాస్క్‌బార్ సగం తెర కిందికి జారిపోయి ఉంటే, అది లాప్‌టాప్ లోపమని ఇన్నాళ్లూ అనుకున్నాను. దీన్ని ఆపే సెట్టింగు సాధారణంగా పిక్చర్ సైజ్ మెనూలో ఉంటుంది గాని, పేరు మాత్రం కంపెనీకొకటి: ఎల్జీలో జస్ట్ స్కాన్, శామ్‌సంగ్ పాత మోడళ్లలో స్క్రీన్ ఫిట్, సోనీలో ఫుల్ పిక్సెల్. టీవీలో దీన్ని సరిచేయకుండా లాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగులలో బొమ్మను కుదించి టాస్క్‌బార్‌ను పైకి తెచ్చేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే ఒకరు కుదించినదాన్ని మరొకరు సాగదీస్తారు. అంచులు దక్కుతాయి గాని అక్షరాలు రెండుసార్లు నలిగిపోతాయి.

రెండో చిక్కు తెర కొలతది. హెచ్‌డీ రెడీ అని అమ్మే 32 అంగుళాల టీవీలలో చాలావాటికి ఉండేవి 1366 నిలువు వరసలు, 768 అడ్డు వరసలు, అంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలు. అదే టీవీ కంప్యూటర్‌తో మాత్రం 1920×1080 బొమ్మను కూడా తీసుకుంటానని చెప్పుకుంటుంది. లాప్‌టాప్ ఆ మాట నమ్మి 20 లక్షలకు పైగా చుక్కలు పంపితే, టీవీ వాటిని సగానికి కుదించి చూపిస్తుంది. సినిమాలో ఇది తెలియదు. అక్షరాల దగ్గర వెంటనే తెలిసిపోతుంది. నేను విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో ఉన్న పూర్తి జాబితా నుంచి 1360×768 ఎంచుకున్నాను. 1366 అనే అంకె ఎనిమిదితో భాగించబడదు గనుక చాలా గ్రాఫిక్స్ డ్రైవర్లు (బొమ్మను తెరకు పంపే సాఫ్ట్‌వేర్) దానికి బదులు 1360నే ఇస్తాయి. రెండు పక్కలా మూడేసి చుక్కల నల్లని అంచు మిగిలింది గాని, మధ్యలో ఉన్నదంతా గడికొక చుక్కగా కూర్చుంది. ‘భారము’ భారముగానే కనిపించింది. అన్ని టీవీలూ హెచ్‌డీఎంఐ ద్వారా ఈ కొలతను ఒప్పుకోవు. ఒప్పుకోనప్పుడు 1280×720, 1920×1080 రెండింటినీ పెట్టి చూసి, కంటికి నచ్చినది ఉంచుకోవడమే.

ఆ తరువాత షార్ప్‌నెస్. ఈ పేరు చూసి పెంచుకుంటూ పోవడం అందరూ చేసే తప్పే, నేనూ చేశాను. అది కొత్తగా ఏ వివరాన్నీ తేదు, ఉన్న అంచుల చుట్టూ ఒక తెల్లని గీత గీస్తుంది, అంతే. నల్లని అక్షరం చుట్టూ వెలుగు గీత మొలిచినట్టుంటే ఆ సెట్టింగు ఎక్కువైనట్టు లెక్క. చాలా టీవీలలో దాన్ని సున్నాకో, సున్నాకు దగ్గరగానో తేవాలి. సోనీ మోడళ్లు కొన్నింటిలో మాత్రం మధ్యనున్న 50 దగ్గరే ఏ మార్పూ చేయని స్థితి ఉంటుంది. బొమ్మలోని మచ్చలను తుడిచే నాయిస్ రిడక్షన్‌ను కూడా ఆపేయడం మంచిది, లేకపోతే అది స్కాన్ పుస్తకంలోని సన్నని గీతలను మురికి అనుకుని తుడిచేస్తుంది.

ఇంతవరకు నలుపు తెలుపుల సంగతి. రంగు అక్షరాల కథ వేరు, అది నాకు మా ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ దగ్గర తెలిసింది. పంచాంగం పీడీఎఫ్ తెరిస్తే నల్లని తిథులన్నీ స్పష్టంగా ఉన్నాయి, ఎర్రని ఆదివారాలూ పండుగలూ మాత్రం తడిసిన సిరాలాగా పాకి ఉన్నాయి. మన కన్ను వెలుగు నీడలను పట్టినంత సూక్ష్మంగా రంగును పట్టదు. ఆ లోటును ఆసరా చేసుకుని వీడియోలో నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు సమాచారం పంపే పద్ధతి ఉంది, దాన్నే 4:2:0 అంటారు. సినిమాకు అది చాలు, ఎర్రని అక్షరానికి చాలదు. దానికి ప్రతి చుక్కకూ దాని రంగు అందే 4:4:4 కావాలి. కేబుల్ పెట్టిన ఇన్‌పుట్‌ను టీవీ మెనూలో పీసీ అని మార్చితే శామ్‌సంగ్, ఎల్జీ టీవీలు చాలావరకు ఈ దారిలోకి వస్తాయి. సోనీలో పిక్చర్ మోడ్‌ను గ్రాఫిక్స్ అని పెట్టాలి. దానితో పాటు లాప్‌టాప్ కూడా అంత సమాచారం పంపగలగాలి. 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు, పూర్తి రంగుతో పంపాలంటే హెచ్‌డీఎంఐ 2.0 కావాలి. 1.4 పోర్టు ఉన్న పాత లాప్‌టాప్ నుంచి 30 సార్లే వస్తుంది. అక్షరం స్పష్టంగానే ఉంటుంది గాని మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది. చాలా టీవీలలో ఈ వేగాన్ని ఇన్‌పుట్ వారీగా విడిగా ఆన్ చేయాలి: శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్జీలో డీప్ కలర్ అనే మాట కోసం వెతకండి.

ఈ వెతుకులాటలో ఒక దుకాణదారు బంగారు పూత కేబుల్ కొంటే బొమ్మ తేటపడుతుందని నాకు గట్టిగా చెప్పారు. తీగ నాసిరకమైతే బొమ్మా మసకబారే పాత వీజీఏ కేబుళ్లకు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. కేబుల్ పాడైతే తెర మీద మిణుకులు వస్తాయి, లేదా తెర నల్లబడుతుంది, అంతేగాని అక్షరం మెత్తబడదు.

ఇవన్నీ చేసినా 32 అంగుళాల టీవీ లాప్‌టాప్ కాదు. అంగుళానికి దానిలో ఉన్నవి సుమారు 49 చుక్కలే. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ లాప్‌టాప్‌లో 157 ఉంటాయి. దగ్గర కూర్చుంటే గళ్లు కనబడతాయి. కుర్చీని ఆరు అడుగుల దూరానికి జరిపి, పేజీని తెర వెడల్పుకు పెంచాక నాన్నగారు తృప్తిపడ్డారు.

వారం తరువాత ఫోన్ చేసి, మళ్లీ అంతా మసకగా ఉందన్నారు. ఎవరో సెట్‌టాప్ బాక్సు కోసం కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చారట. టీవీలోని ఈ సెట్టింగులు చాలావరకు ఒక్కొక్క పోర్టుకు విడివిడిగా గుర్తుంటాయి. ఇప్పుడు టీవీ వెనక రెండో పోర్టు పక్కన ‘‘ఇది నాన్నగారిది, తీయవద్దు’’ అని చీటీ అంటించి ఉంది.