హైదరాబాద్ నుంచి డల్లాస్: 13 గంటలా, ఇరవై మూడున్నరా?

అమ్మానాన్నలను దుబాయ్ మీదుగా డల్లాస్ పంపించే పని మొన్ననే అయిపోయింది. పాస్‌పోర్టు, వీసా, సీట్లు ఏ చిక్కూ లేకుండా కుదిరాయి. వీల్‌చెయిర్ టికెట్ తీసుకునేటప్పుడే రాయించాం. ఒళ్లు మండించింది మాత్రం ప్రయాణ సమయం లెక్క.

అమ్మకు షుగర్, పూటపూటకూ ఇన్సులిన్. గడియారం టైములు కాదు, మొత్తం ఎన్ని గంటల ప్రయాణమో రాసుకురమ్మన్నారు డాక్టరుగారు. టికెట్ అమ్మిన ఏజెంటును అడిగితే, "తెల్లవారుజామున 4కు ఎక్కితే అదే రోజు సాయంత్రం 5కు దిగుతారు. పదమూడు గంటలు. ఇంత చదువుకుని ఇదీ తెలీదా?" అన్నాడు, ఆఫీసులో అందరూ వింటుండగా. అతను చేసింది ఒక ఊరి టైములోంచి ఇంకో ఊరి టైము తీసేయడం. ఆ మాట నమ్మి ఇన్సులిన్ వేళలు రాసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. డబ్బు తీసుకుని టికెట్ అమ్మేవాడికి ఈమాత్రం లెక్క రావాలి.

అసలు లెక్క ఇదీ. హైదరాబాద్‌లో 4కు బయల్దేరితే దుబాయ్‌కి సుమారు 4 గంటలు. మన టైము 8, దుబాయ్ గంటన్నర వెనక కాబట్టి అక్కడ ఆరున్నర. అక్కడ మూడున్నర గంటల ఆగుడు. 10కి బయల్దేరే విమానం డల్లాస్‌కు 16 గంటలు. 4, మూడున్నర, 16 కలిపితే ఇరవై మూడున్నర. సరిచూసుకోవాలంటే గడియారాల తేడా 13కు పదిన్నర కలపండి. వేసవిలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదకొండున్నర.

దూరం చూసి గంటలు అంచనా వేసేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్, డల్లాస్ మధ్య సూటి దూరం దాదాపు 14,400 కి.మీ. రెండూ భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కాబట్టి ఆ గీత ఉత్తర ధ్రువం దగ్గరగా పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి 15,450. అంటే చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యి కిలోమీటర్లే. టైము తినేసేది మధ్యలో ఆగుడే. టికెట్ మీద గంటలు కూడా గాల్లో ఉండేవి మాత్రమే కావు, గేటు వదిలిన దగ్గర్నుంచి గేటు చేరేదాకా.

ఇంటి నుంచి లెక్కేస్తే ఇంకా పెరుగుతుంది. కరీంనగర్ నుంచి శంషాబాద్‌కు 4 గంటలు, కౌంటర్ దగ్గరికి మూడున్నర గంటల ముందు, డల్లాస్‌లో ఇమిగ్రేషన్, లగేజీకి ఇంకో 2. మొత్తం 33. పెద్దవాళ్లకు మధ్యలో గంటంబావు ఆగుడున్న టికెట్ చవకగా వచ్చినా కొనొద్దు. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే వీల్‌చెయిర్‌లో టెర్మినల్ దాటి వెళ్లేసరికి గేటు మూసేస్తారు. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరు కింద ఉండాలి. కౌంటర్‌లో లగేజీకి కట్టిన ట్యాగ్ మీద డల్లాస్ విమానాశ్రయం కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో అక్కడే చదవండి. దుబాయ్ కోడ్ డీఎక్స్‌బీ ఒక్కటే ఉంటే పెట్టెలు దుబాయ్‌లోనే దిగిపోతాయి. ఇన్సులిన్ ఆ పెట్టెల్లో వద్దు, గడ్డకడితే పనికిరాదు. చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా ఉంచండి.

వచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది. డల్లాస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటల దగ్గర్లో తేలిపోతుంది. అయినా సోమవారం సాయంత్రం 7కు ఎక్కితే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. కారు మాట్లాడేవాళ్లు తారీఖు చూసుకోండి.