తాతగారి రైఫిల్‌కి స్కోప్ పెట్టించాలా?

తాతగారి వేట రైఫిల్ మౌజర్ 1898 డిజైన్‌ది. దాని మీద స్కోప్ (గురిని దగ్గరగా చూపే దుర్భిణి) పెట్టిద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకూ గురి చూసే ఇనుప సైట్లు మసకగానే కనిపిస్తున్నాయి, కాబట్టి వాడి మాట కొట్టిపారేయలేను. కానీ స్కోప్ బిగించడానికి రిసీవర్‌కి (బోల్ట్ కదిలే లోహపు భాగానికి) రంధ్రాలు వేయడంతో పని అయిపోదు. తూటాను లోపలికి తోసే బోల్ట్ పిడి పైకెత్తితే స్కోప్‌కి తగులుతుంది, దాన్ని కోసి వంచాలి. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట కూడా పైకి తిరిగేదే, అదీ మార్చాలి. సేఫ్టీ అయితే మళ్లీ పాతది బిగించుకోవచ్చు. రంధ్రాలు పూడ్చినా మచ్చ పోదు, పాత వస్తువుగా దాని విలువా పడిపోతుంది.

స్టాక్ మీద తాతగారి బుగ్గ ఆనిన చోట చెక్క నున్నగా అరిగి ఉంది. దాన్ని అసలు ముట్టుకోనివ్వను! భుజానికి దెబ్బ తగ్గాలంటే తొడుగులా ఎక్కించే రబ్బరు ప్యాడ్ చాలు. స్కోప్ కావాలంటే తమ్ముడు వేరే రైఫిల్ కొనుక్కోవాలి. దీన్ని మాత్రం తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించి, హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటా కూర్చునే చోటుకీ మధ్య ఎడం), బ్యారెల్ పరీక్ష చేయిస్తాను.