బంటికి బొచ్చు ఎందుకు ఊడింది: నా అనుభవం

మా బంటి పామెరేనియన్ మగకుక్క. వాడికి మూడేళ్లు దాటాక, చెన్నైలో కత్తిరి ఎండలు ముగిసే రోజుల్లో, తోక మొదట్లోనూ వెనక తొడల మీదా బొచ్చు పలచబడడం మొదలైంది. ఆ కాలంలో పాత బొచ్చు రాలి కొత్తది రావడం మామూలే కాబట్టి దాన్నీ ఆ లెక్కలోనే వేసుకున్నాం. అయితే ఈశాన్య రుతుపవనాల వానలు పడే సమయానికి మెడ చుట్టూ, పట్టీ ఒరుసుకునే చోట కూడా పైపొర పొడవు వెంట్రుకలు పోయి, అడుగునున్న నూగు మాత్రం మిగిలింది. తరవాత ఆ నూగు కూడా పోయి, బయటపడిన చర్మం రానురాను నల్లబడింది. తల మీదా ముందు కాళ్ల మీదా మాత్రం బొచ్చు ఎప్పటిలాగే ఒత్తుగా ఉంది. తిండిలో, ఆటలో, నిద్రలో ఏ తేడా లేదు. ముఖ్యంగా, వాడు గోక్కోవడం లేదు.

ఈ చివరి సంగతికి ఎంత విలువ ఉందో మాకు మొదట ఎవరూ చెప్పలేదు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌లో బంటిని బల్ల మీద నిలబెట్టి చూసి, ఇది ఫంగస్ కావచ్చని చెప్పి, ఒక ఇంజెక్షన్ వేసి, యాంటీబయాటిక్ మాత్రలూ కీటోకొనజోల్ ఉన్న షాంపూ రాసిచ్చారు. కొంతకాలం గడిచినా మార్పు లేకపోవడంతో అక్కడే రక్తం తీసి థైరాయిడ్ పరీక్షకు పంపారు. టీ4 అనే థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది, ఇక జీవితాంతం థైరాయిడ్ మాత్రలు వాడాలన్నారు. మూడేళ్ల కుక్కకు జీవితాంతం మందంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మంచిదనిపించి, వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఇది 1903లో మొదలైన కళాశాల. ఇప్పుడు తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది.

అక్కడికి వెళ్లేలోపు అపార్ట్‌మెంట్‌లో వచ్చిన సలహాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటిలో కొన్ని నిజంగా ప్రమాదకరమైనవి. వాడిన ఇంజన్ ఆయిల్ పూస్తే గజ్జి పోతుందని ఒకరు, కిరోసిన్ కలిపిన నూనె అని మరొకరు, మనుషుల తామరకు మందుల షాపులో దొరికే మిశ్రమ క్రీము రాయమని ఇంకొకరు చెప్పారు. కుక్క ఒంటి మీద ఏది రాసినా నాకి మింగేస్తుందన్నది వీళ్లలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇంజన్ ఆయిల్, కిరోసిన్ విషాలు. ఆ క్రీముల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. టీ ట్రీ ఆయిల్ వంటి "సహజమైన" నూనెలు కూడా కుక్కలకు పడవు. మా అమ్మ మాత్రం నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా పసుపు, వేపాకు అనేది. వేపాకు నీళ్లతో ఒకసారి స్నానం చేయించి ఆమెను తృప్తిపరిచాం.

వేపేరిలో పొద్దున్నే ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడాలి. మా ముందు ఒక రాజపాళయం జాతి కుక్క, వెనక చెవి వాచిన లాబ్రడార్, ఒళ్లంతా పుండ్లతో ఆటోలో తెచ్చిన వీధికుక్క ఉన్నాయి. చర్మవ్యాధులు చూసే డాక్టరు గారు కుక్కను ముట్టుకునే ముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. ముందు దురద వచ్చి తరవాత బొచ్చు పోయిందా, లేక దురద లేకుండానే ఊడిందా? ఇంట్లో మనుషులెవరికైనా దద్దుర్లు వచ్చాయా? నీళ్లు ఎక్కువ తాగుతోందా, మూత్రం ఎక్కువ పోస్తోందా? బరువు పెరిగిందా? ఎండాకాలంలో గుండు కొట్టించారా? ఈ చివరి ప్రశ్న నాకు వింతగా అనిపించి ఎందుకని అడిగాను. పామెరేనియన్ లాంటి రెండు పొరల బొచ్చున్న జాతులకు చల్లగా ఉంటుందని మిషనుతో మొదలంటా కత్తిరిస్తే, కొన్నిటికి ఆ బొచ్చు నెలల తరబడి తిరిగి రాదట. చెన్నైలో ఏప్రిల్, మే నెలల్లో ఆ పని చేయించేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. మేము చేయించలేదు.

ఆ ప్రశ్నల వెనక ఉన్న తర్కం తరవాత అర్థమైంది. దురదతో ఊడిందంటే దారి గోమార్ల వైపు, ఫ్లీ అనే గెంతే పురుగుల వైపు, సార్కోప్టిస్ అనే సూక్ష్మ పురుగు తెచ్చే గజ్జి వైపు, తిండి లేదా గాలిలోని అలర్జీ వైపు వెళుతుంది. దురద లేకుండా, రెండు పక్కలా సమానంగా ఊడిందంటే హార్మోన్ల వైపు చూడాలి. డెమోడెక్స్ అనే మరో సూక్ష్మ పురుగు, ఫంగస్ మాత్రం దురదతోనూ రావచ్చు, లేకుండానూ రావచ్చు కాబట్టి అవి లేవని ఏ కుక్కలోనైనా ముందు తేల్చుకోవాల్సిందే.

అందుకే మొదటిరోజే చర్మం గీకారు. ఒక మడత పట్టి నొక్కి, బ్లేడుతో సన్నగా రక్తం చెమర్చేదాకా గీకి, గాజుపలక మీద నూనె చుక్కలో వేసి మైక్రోస్కోపు కింద చూశారు. డెమోడెక్స్ వెంట్రుక కుదురులో లోతుగా ఉంటుంది కాబట్టి పైపైన గీకితే దొరకదు. అక్కడ పీజీ చదువుతున్న చిత్తూరు అమ్మాయి ఒకరు మా తెలుగు విని పలకరించి, వెంట్రుకలు కొన్ని పీకి అవి కూడా చూపించింది. కొసలు విరిగి ఉంటే కుక్క కొరుక్కుంటోందని అర్థమట. బంటి వెంట్రుకల కొసలు సన్నగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి, కుదుళ్లు మాత్రం దాదాపు అన్నీ విశ్రాంతి దశలో ఉన్నాయి. అంటే వెంట్రుక తెగిపోవడం లేదు, కొత్తది పుట్టడమే ఆగిపోయింది. కొన్ని రకాల ఫంగస్ మెరిసేలా చేసే అతినీలలోహిత దీపం, అంటే వుడ్స్ ల్యాంపు కింద పచ్చని మెరుపు కనిపించలేదు. మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్‌లోనే అన్ని రకాలూ ఆ వెలుగులో మెరవవు కాబట్టి ఫంగస్ కల్చర్ కూడా పెట్టారు. దాని ఫలితం తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

"భయపడకండమ్మా, గోక్కోవడం లేదు కదా, వీడికి కష్టమేం లేదు" అని ఆ అమ్మాయి మా అమ్మతో అంది. పసుపు ప్రస్తావన ఆ రోజు నుంచి తగ్గింది.

థైరాయిడ్ రిపోర్టు చూపించినప్పుడు డాక్టరు గారు ముందు తేదీ చూశారు, తరవాత క్లినిక్ చీటీ మీద ఇంజెక్షన్ పేరు చూశారు. అది చాలా రోజులు పనిచేసే స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఒంట్లో ఉండగా టీ4 దానంతటదే తగ్గుతుంది, అందుకని ఆ అంకెను బట్టి థైరాయిడ్ జబ్బుందని చెప్పడానికి లేదు. వేరే జబ్బేదైనా ఉన్నా అలాగే తగ్గుతుంది. నిజంగా థైరాయిడ్ లోపం ఉంటే టీ4 తగ్గడంతోపాటు చాలా కుక్కల్లో థైరాయిడ్ గ్రంథిని ప్రేరేపించే హార్మోను టీఎస్‌హెచ్ పెరుగుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కుక్క బరువెక్కి మందకొడిగా తయారవుతుంది. బంటిలో అవేవీ లేవు. పైగా ఆ స్టెరాయిడ్ వల్ల అడ్రినల్ గ్రంథి పరీక్షలు కూడా తారుమారవుతాయి కాబట్టి, దాని ప్రభావం పూర్తిగా తొలగేదాకా హార్మోన్ పరీక్షలేవీ వద్దని, ఈలోపు కొత్త మందేదీ ఇవ్వవద్దని చెప్పారు. మొత్తం ప్రక్రియలో ఓపికను ఎక్కువగా పరీక్షించింది ఈ ఖాళీ వారాలే. దురద లేని కుక్కకు స్టెరాయిడ్ వేయడం వల్ల కలిగిన ప్రయోజనం ఏమీ లేదు, సమయం మాత్రం పోయింది. ఏ క్లినిక్‌లో ఏ ఇంజెక్షన్ వేసినా దాని పేరు, తేదీ చీటీ మీద రాయించుకోవడం అప్పటినుంచి మా ఇంట్లో నియమమైంది.

ఆ మధ్యకాలంలోనే అపార్ట్‌మెంట్ సంఘం నుంచి కబురు వచ్చింది. బంటిని లిఫ్టులో తేవద్దని, పిల్లలకు అంటుకుంటుందని కొందరు ఫిర్యాదు చేశారట. వాళ్ల భయాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. సార్కోప్టిస్, ఫంగస్ నిజంగానే మనుషులకు అంటుకుంటాయి. ఫంగస్ కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలాక ఆసుపత్రిలో, ఇది అంటువ్యాధి కాదని ఒక కాగితం రాయించుకుని కార్యదర్శి గారికి ఇచ్చాను. "ముందే చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నారాయన. ముందు మాకు మాత్రం తెలుసా!

రెండో విడత పరీక్షల్లో టీ4, టీఎస్‌హెచ్ రెండూ మామూలుగా వచ్చాయి. జీవితాంతం మందు అనుకున్నది అక్కడితో ముగిసింది. తరవాతి అనుమానం కుషింగ్స్, అంటే అడ్రినల్ గ్రంథి చేసే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో ఎక్కువవడం. దానికి డెక్సామెథసోన్ ఇచ్చి, ఇవ్వకముందూ నాలుగు గంటలకూ ఎనిమిది గంటలకూ రక్తం తీసే పరీక్ష ఉంది. కానీ ముందు మూత్రంలో కార్టిసాల్, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తే చాలన్నారు. ఆ నిష్పత్తి మామూలుగా ఉంటే కుషింగ్స్ దాదాపు లేనట్టే, ఎక్కువగా ఉంటేనే రక్తపరీక్ష దాకా వెళ్లాలి. ఆసుపత్రికి వచ్చిన కంగారుకే కార్టిసాల్ పెరుగుతుంది కాబట్టి మూత్రం ఇంట్లోనే, పొద్దున లేవగానే పట్టాలి. స్టీలు గరిటె పట్టుకుని పామెరేనియన్ వెనక వంగి నడవడం వీధిలో అందరికీ వినోదమైంది. కాలెత్తిన ప్రతిసారీ గరిటె చూసి కాలు దించేసేవాడు. చివరికి మా అమ్మే పట్టింది. నిష్పత్తి మామూలుగానే ఉంది.

వృషణాల్లో వచ్చే ఒక రకం కణితి ఆడ హార్మోను ఉత్పత్తి చేసి బొచ్చు ఊడేలా చేస్తుందని, అందుకని చేత్తో తడిమి, స్కాన్ కూడా తీశారు. అక్కడా ఏమీ లేదు.

ఇక మిగిలింది బయాప్సీ. ఇది తప్పనిసరి కాదని, ఇప్పటిదాకా తేలినదాన్ని బట్టే ఫలానా జబ్బని అనుకోవచ్చునని డాక్టరు గారు నిజాయితీగా చెప్పారు. మేము చేయించాలనే అనుకున్నాం, మరో అనుమానానికి తావు ఉండకూడదని. మత్తు ఇంజెక్షన్ చర్మానికి మాత్రమే ఇచ్చి, గుండ్రని చిన్న పంచ్‌తో మూడు చోట్ల చర్మం తీసి, ఒక్కో కుట్టు వేశారు. కుదుళ్లు విశ్రాంతి దశలో నిలిచిపోయాయని, వాటిలో కెరటిన్ (వెంట్రుకల్లో ఉండే పదార్థం) మంటల ఆకారంలో పేరుకుందని రిపోర్టు వచ్చింది. మిగతా పరీక్షలతో కలిపి చూసి ఎలోపీషియా ఎక్స్ అని నిర్ధారించారు.

పామెరేనియన్, చౌచౌ, కీషాండ్, అలాస్కన్ మలమ్యూట్ వంటి జాతుల్లో, చిన్న వయసులోనే, మగవాటిలో ఎక్కువగా కనిపించే జబ్బు ఇది. వెంట్రుకల చక్రం ఎందుకు ఆగిపోతుందో ఇంకా తేలలేదు. వంశపారంపర్యమని గట్టి అనుమానం ఉంది. దీన్ని నేరుగా పట్టుకునే రక్తపరీక్ష లేదు, మిగతావన్నీ కాదని తేల్చుకున్నాకే ఈ పేరు పెడతారు. ఇన్ని నెలల తిరుగుడు వృథా అని మా ఇంట్లో కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. థైరాయిడ్ లోపాన్నో కుషింగ్స్‌నో గమనించకుండా వదిలేస్తే కుక్క ప్రాణానికి హాని. ఈ జబ్బు మాత్రం కుక్క అందానికే నష్టం, ఆరోగ్యానికి కాదు. ఆ తేడా పరీక్షల వల్లే తెలిసింది.

చికిత్సగా మా ముందు మూడు దారులు పెట్టారు. ఏమీ చేయకుండా చర్మాన్ని చూసుకోవడం మొదటిది. వృషణాలు తొలగించే ఆపరేషన్ రెండోది, దాని తరవాత చాలా కుక్కలకు బొచ్చు వస్తుంది, కొన్నిటికి ఒకటి రెండేళ్లకు మళ్లీ ఊడుతుంది. మూడోది మెలటోనిన్ అనే, నిద్రకు సంబంధించిన హార్మోను, కనీసం మూడు నెలలు వాడితేగాని ఫలితం చెప్పలేరు. కుషింగ్స్‌కు వాడే బలమైన మందులు కూడా కొందరు ఇస్తారని, కేవలం బొచ్చు కోసం ఆ ప్రమాదం అనవసరమని డాక్టరు గారు అన్నారు. మేము ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. వంశపారంపర్యమయ్యే అవకాశం ఉన్నప్పుడు ఆ కుక్కకు పిల్లలు పుట్టించకపోవడమే న్యాయమన్నది ఒక కారణం. తరవాత మెలటోనిన్ కూడా మొదలుపెట్టాం. మనుషుల కోసం అమ్మే మెలటోనిన్ చప్పరింపు బిళ్లల్లో కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు ప్రాణాంతకం. అందుకే సీసా మీద పదార్థాల జాబితా చదివాకే కొనాలి, మోతాదు డాక్టరే చెప్పాలి.

బొచ్చు లేని చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది కాబట్టి మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లడం మానేశాం. పల్చని నూలు బనియన్ తొడిగాం. స్నానం గోరువెచ్చని నీళ్లతో, చర్మం పొడిబారకుండా చూసే షాంపూతో చేయిస్తున్నాం. చెన్నై ఉక్కలో తడి నిలిస్తే ఈస్టు చేరుతుందని చెప్పడంతో మడతల్లో పూర్తిగా తుడుస్తున్నాం.

మొదట బొచ్చు వచ్చింది బయాప్సీ చేసిన చోట్లే. నల్లని వీపు మీద మూడు చిన్న తెల్లని కుచ్చులు మొలిచాయి. ఈ జబ్బులో చర్మానికి గాయమైన చోట కుదురు మేలుకోవడం తరచుగా చూస్తామని డాక్టరు గారు చెప్పారు. ఆపరేషన్ జరిగిన కొన్ని నెలలకు తొడల మీద, తరవాత వీపు మీద నూగు పరుచుకుంది. తోక ఇంకా సగం బోడిగానే ఉంది. మెలటోనిన్ ఆపాక కూడా వచ్చిన బొచ్చు నిలిచింది, అయితే అది ఆపరేషన్ వల్లనో మందు వల్లనో ఎవరూ చెప్పలేరు. మళ్లీ ఊడితే వెంటనే పరీక్షలు అక్కరలేదని, నీళ్లు తాగడం పెరిగినా, బరువు మారినా, గోక్కోవడం మొదలైనా మాత్రం తీసుకురమ్మని చెప్పి, ఆరు నెలలకొకసారి బరువు చూసి రాసుకోమన్నారు.