ఉప్పు మడుల గట్టున వారం రోజులు

నౌపడ ఉప్పు మడుల గట్ల మీద ఆడుకుంటూ పెరిగిన నాకు, మధ్యధరా సముద్రంలో మాల్టా దేశానికి చెందిన గోజో ద్వీపంలో, మార్సల్‌ఫోర్న్ ఊరి దగ్గర తీరపు రాతిలో తొలిచిన మడుల్లో నేటికీ ఉప్పు పండిస్తున్నారని తెలిసినప్పటి నుంచి, విశ్రాంతికంటూ వెళితే అక్కడికే వెళ్లాలనిపించింది. ద్వీపం వైశాల్యం సుమారు 67 చదరపు కిలోమీటర్లే. మాల్టా ప్రధాన ద్వీపంలోని చిర్కెవ్వా రేవు నుంచి పెద్ద పడవలో దాదాపు 25 నిమిషాల ప్రయాణం. ఎండలూ రద్దీ తగ్గి, నీళ్లు మాత్రం వెచ్చగానే ఉండే సెప్టెంబరు చివరి వారాన్ని ఎంచుకున్నాం. మాల్టాతో సహా చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసా పని ముందే మొదలుపెట్టాలి. మా అమ్మ మోకాళ్ల నొప్పులను దృష్టిలో పెట్టుకుని, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవైన జ్గాంతియా ఆలయాలకు ఒక పూట, రామ్లా తీరపు ఎర్రని ఇసుకకు మరో పూట కేటాయించి, మిగిలిన సాయంత్రాలన్నీ ఆ మడుల పక్కన ఊరికే కూర్చోవడానికి ఉంచుకున్నాం.